ముందస్తు బెయిల్ పిటిషన్ పెండింగ్‌లో ఉండడమే బెయిల్ అయిపోతోంది: హైకోర్టుల ప్రధాన న్యాయమూర్తులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టుల గౌరవ ప్రధాన న్యాయమూర్తులకు నమస్కరించి రాస్తున్న లేఖ.

ముందస్తు బెయిల్ పిటిషన్‌ను సెషన్స్ కోర్టు కొట్టేస్తే నిందితుడు హైకోర్టుకు వెళ్ళవచ్చు. అక్కడా కాదంటే సుప్రీంకోర్టుకు వెళ్ళవచ్చు, లేదా లొంగిపోయి రెగ్యులర్ బెయిల్ అడగవచ్చు. ఇవన్నీ చట్టం ఇచ్చిన దారులే. వాటి మీద నాకే ఫిర్యాదూ లేదు. ఈ దారుల్లో ఏదీ చివరిదాకా పట్టకుండా, ఒకే క్రైమ్ నంబర్ (స్టేషన్‌లో కేసుకు ఇచ్చే సంఖ్య) మీద ఒక పిటిషన్ పోగానే ఇంకొకటి, అది తేలకముందే వేరే కోర్టులో మరొకటి వేస్తూ నెలల తరబడి దర్యాప్తుకు దొరక్కుండా తిరిగే పద్ధతి గురించి మీకు చెప్పుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేసే న్యాయవాదిని. నిందితుల తరఫున ముందస్తు బెయిల్ పిటిషన్లు వేయడం నా వృత్తిలో పెద్ద భాగం. ఫిర్యాదుదారుల తరఫున పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు (పీపీకి) సహాయంగా నిలబడిన కేసులూ ఉన్నాయి. రెండు వైపుల నుంచీ చూశాక నాకు గట్టిగా అనిపించింది ఒకటే. ఈ పద్ధతి వల్ల బాధితులు ఎంత నష్టపోతున్నారో, నిజంగా తప్పుడు కేసులో ఇరుక్కుని కోర్టును ఆశ్రయించిన నిందితులూ అంతే నష్టపోతున్నారు.

అసలు విషయానికి వస్తాను. ముందస్తు బెయిల్ దొరికిన నిందితుడి కంటే పిటిషన్ పెండింగ్‌లో ఉన్న నిందితుడే ఈరోజు ఎక్కువ నిశ్చింతగా ఉన్నాడు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 482వ సెక్షన్ కింద ముందస్తు బెయిల్ ఇచ్చేటప్పుడు కోర్టు షరతులు పెడుతుంది. దర్యాప్తు అధికారి పిలిచినప్పుడు విచారణకు రావాలి, కేసు సంగతులు తెలిసినవాళ్ళను బెదిరించకూడదు, ఆశ పెట్టకూడదు, కోర్టు అనుమతి లేకుండా దేశం దాటకూడదు. వీటికి తోడు పూచీకత్తు ఇవ్వాలి, ఫలానా రోజుల్లో స్టేషన్‌లో సంతకం పెట్టాలి. ఒక్క షరతు తప్పినా ప్రాసిక్యూషన్ బెయిల్ రద్దు కోరవచ్చు. అంటే బెయిల్ పొందిన మనిషి కోర్టు కనుసన్నల్లో ఉంటాడు.

పిటిషన్ మాత్రమే పెండింగ్‌లో ఉన్నవాడికి ఇవేవీ లేవు. అతను ఎక్కడ ఉంటున్నాడో కోర్టుకు తెలియదు. స్టేషన్‌కు రానక్కర్లేదు, పూచీకత్తు అక్కర్లేదు. రద్దు చేయడానికి అసలు ఉత్తర్వే లేదు. అయినా పోలీసులు అతన్ని ముట్టుకోరు. కారణం అడిగితే "పిటిషన్ పెండింగ్‌లో ఉంది" అంటారు. మధ్యంతర ఉత్తర్వు ఏమైనా ఉందా అంటే ఉండదు. కోర్టు ఇవ్వని రక్షణను కేవలం ఫైలింగ్ నంబర్ ఇస్తోంది. అందుకే ఆ నంబర్ బతికి ఉన్నంత కాలం నిందితుడికి వేరే అవసరం రాదు. అది చచ్చిపోతే ఇంకో నంబర్ పుట్టిస్తే సరిపోతుంది.

ఇది ఎలా నడుస్తుందో తమకు తెలియనిది కాదు. అయినా ఒక మామూలు కేసు క్రమాన్ని చెప్పనివ్వండి, ఎందుకంటే విడివిడిగా చూస్తే ఇందులో ప్రతి అడుగూ సబబుగానే కనిపిస్తుంది. ఎఫ్‌ఐఆర్ నమోదవుతుంది. ఏ1, అంటే మొదటి నిందితుడి ఫోన్ ఆ రాత్రే మూగబోతుంది. కొన్ని రోజులకు సెషన్స్ కోర్టులో పిటిషన్ పడుతుంది. పీపీకి నోటీసు వెళ్తుంది. పోలీసుల దర్యాప్తు వివరాలుండే కేస్ డైరీ రాలేదని పీపీ వాయిదా అడుగుతారు. తర్వాతి వాయిదాకు డైరీ వస్తుంది కానీ పిటిషనర్ తరఫు సీనియర్ న్యాయవాది వేరే కోర్టులో ఉంటారు. ఆ తర్వాత వాదనలు జరుగుతాయి. జడ్జిగారి మాటల్లో మొగ్గు ఎటుందో తెలియగానే పిటిషనర్ తరఫు న్యాయవాది లేచి "నాట్ ప్రెస్ చేస్తున్నాం" అంటారు. డాకెట్‌లో (కోర్టు రోజువారీ నమోదులో) ఒక్క వాక్యం పడుతుంది, ఉపసంహరించుకున్నందున కొట్టివేయడమైనది అని. గంటసేపు జరిగిన వాదన, జడ్జిగారు చదివిన డైరీ, ఆయన వేసిన ప్రశ్నలు, ఏవీ రికార్డులో మిగలవు.

తర్వాత హైకోర్టు. అక్కడా ఇంచుమించు ఇదే. ఒకసారి నోటీసు, ఒకసారి పోలీసుల నుంచి సూచనలు తీసుకోవడానికి పీపీకి గడువు, ఒకసారి లిస్టులో వచ్చినా సమయం చాలకపోవడం. చివరికి ఉపసంహరణ. ఈలోగా కేసులో ఏదో ఒకటి జరిగే ఉంటుంది. ఏ4కు బెయిల్ వచ్చి ఉంటుంది, లేదా ఓ సాక్షి వాంగ్మూలం నమోదై ఉంటుంది, లేదా ఛార్జిషీటు పడి ఉంటుంది. దాన్ని పట్టుకుని "పరిస్థితులు మారాయి" అంటూ మళ్ళీ సెషన్స్ కోర్టులో కొత్త న్యాయవాది, కొత్త పిటిషన్. పాత పిటిషన్ ప్రస్తావన ఓ మూల పేరాలో ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. కొన్నిసార్లు పిటిషన్‌లో కేసు పూర్వాపరాలు అన్నీ ఉంటాయి, ఇంతకుముందు ఇదే కోర్టు వద్దన్న సంగతి ఒక్కటి తప్ప.

వేసవి సెలవుల కోర్టుల సంగతి వేరే చెప్పాలి. రెగ్యులర్ కోర్టులో తోసిపుచ్చిన పిటిషన్ సెలవుల కోర్టు ముందు కొత్త ముఖంతో వస్తుంది. ఆ జడ్జిగారికి పాత ఫైలు తెలియదు. అక్కడ కూర్చున్న ఇన్‌ఛార్జి పీపీకీ తెలియదు. దర్యాప్తు అధికారి బందోబస్తు డ్యూటీలో ఉంటాడు.

ఇంకో దారి క్వాష్ పిటిషన్. ఎఫ్‌ఐఆర్ కొట్టేయమని హైకోర్టులో వేసి, ప్రధాన కోరిక వదిలేసి, "కనీసం అరెస్టు చేయకుండా ఆదేశించండి" అని అడగడం. పాత సీఆర్‌పీసీలో 482 అంటే ఈ క్వాష్ అధికారమే. ఇప్పుడది 528 అయింది, 482 ముందస్తు బెయిల్‌కు వచ్చింది. నంబర్లు మారినా ఎత్తుగడ మారలేదు. 2017 జనవరిలో, తెలంగాణ ప్రభుత్వం వర్సెస్ హబీబ్ అబ్దుల్లా జీలానీ కేసులో సుప్రీంకోర్టు తప్పుబట్టింది మన ఉమ్మడి హైకోర్టు ఇచ్చిన ఇలాంటి ఉత్తర్వునే. ఎఫ్‌ఐఆర్‌ను కొట్టేయడానికి నిరాకరిస్తూనే అరెస్టు వద్దనడమంటే, ముందస్తు బెయిల్ షరతులేవీ చూడకుండా ముందస్తు బెయిల్ ఇవ్వడమేనని ఆ తీర్పు సారాంశం. 2021లో నీహారికా ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ కేసులోనూ అదే మాట ఇంకా గట్టిగా చెప్పింది.

తల మీద దెబ్బ తగిలి నెలల పాటు మంచం పట్టిన ఓ మనిషి భార్య నా దగ్గరికి వస్తుండేది. ఆ కేసులో పీపీకి నేను సహకరిస్తున్నాను. ఏ1కు సెషన్స్ కోర్టులో బెయిల్ రాలేదని నేను చెప్పినప్పుడు ఆమె ఊరట పడింది. మళ్ళీ కొద్ది రోజులకు వచ్చి, "బెయిల్ రాలేదన్నారు కదా సార్, మరి నిన్న మా ఇంటి ముందు నుంచే బండి మీద వెళ్ళాడే?" అని అడిగింది. హైకోర్టులో వేశారమ్మా, అది తేలాలి అన్నాను. అక్కడా ఉపసంహరించుకున్నాక మళ్ళీ వచ్చింది. ఈసారి ఏమీ అడగలేదు. రాజీకి ఒప్పుకోమని ఇంటికి మనుషులు వస్తున్నారని, ఘటన చూసిన మరిది కొడుకు ఇప్పుడు సాక్ష్యం చెప్పనంటున్నాడని మాత్రం చెప్పింది. కోర్టు కాదన్న పిటిషన్ల నీడలోనే ఆ కేసు కరిగిపోయింది. ఆ నెలల్లో ఏ కోర్టూ నిందితుడికి అనుకూలంగా ఒక్క ఉత్తర్వూ ఇవ్వలేదు. అతనికి ఆ అవసరమే రాలేదు.

శరీరానికి తగిలిన దెబ్బల కేసుల్లోనే ఇంత నష్టం ఉంటే డబ్బు కేసుల్లో ఇంకా ఎక్కువ. డిపాజిట్లు, చిట్టీలు, ఫ్లాట్ల పేరుతో వసూలు చేసిన కేసుల్లో మొదటి కొన్ని వారాలే ప్రాణం. ఖాతాల్లోంచి డబ్బు వెళ్ళిపోవడానికి, ఆస్తులు బంధువుల పేర్లకు మారడానికి, హార్డ్‌డిస్కులు మాయం కావడానికి ఆ వ్యవధి చాలు. సీసీటీవీ దృశ్యాలు కొంతకాలానికి వాటంతటవే చెరిగిపోతాయి. ముందస్తు బెయిల్ వచ్చిన నిందితుడిని కనీసం పిలిచి ప్రశ్నించవచ్చు. 1980 నాటి సిబ్బియా తీర్పు, 2020 నాటి సుశీలా అగర్వాల్ తీర్పు రెండూ ముందస్తు బెయిల్ మీద ఉన్న వ్యక్తి ఇచ్చిన సమాచారంతో వస్తువులు స్వాధీనం చేసుకోవడానికి కూడా వీలు చూపించాయి. పరారీలో ఉన్నవాడి విషయంలో ఇవేవీ కుదరవు.

ఇందులో పోలీసుల బాధ్యత పెద్దది. పిటిషన్ పెండింగ్‌లో ఉంటే అరెస్టు చేయకూడదని ఏ చట్టంలోనూ లేదు. 2024 మార్చిలో శ్రీకాంత్ ఉపాధ్యాయ్ వర్సెస్ బిహార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది. మధ్యంతర రక్షణ లేనప్పుడు, ముందస్తు బెయిల్ పిటిషన్ పెండింగ్‌లో ఉందన్న కారణంతో పరారీ ప్రకటన చర్యలు ఆగనక్కర్లేదని, వారెంట్లను తప్పించుకుని తిరిగేవాడు మామూలుగా ముందస్తు బెయిల్‌కు అర్హుడు కాదని తేల్చింది. 2012 నాటి లవేశ్ తీర్పు నుంచీ ఉన్న మాటే ఇది. అయినా కింది స్థాయిలో భయం పోలేదు. విచారణ జరుగుతుండగా అరెస్టు చేస్తే కోర్టు ధిక్కరణ అవుతుందేమోనని నిజంగా నమ్మే ఎస్సైలను నేను చూశాను. ఆ నమ్మకాన్ని సాకుగా వాడుకునేవాళ్ళనూ చూశాను. ఎవరు ఏ కోవకు చెందుతారో బయట నిలబడ్డ బాధితుడికి తెలిసే మార్గం లేదు.

పీపీలు కోర్టులో నోటిమాటగా ఇచ్చే హామీలూ ఇలాంటివే. "తర్వాతి వాయిదా దాకా అరెస్టు చేయం" అని నిలబడి చెప్తారు, అది డాకెట్‌లో ఎక్కదు, ఎంతకాలమో తెలియదు. వాయిదా పడిన ప్రతిసారీ ఆ హామీ గడువు తనంతట తానే పెరిగిపోతుంది.

ఇంత చెప్పాక, ఈ హక్కును కుదించమని నేను అడుగుతున్నానని అనుకుంటారేమో. అలా అనుకుంటే చాలా బాధపడతాను. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ముందస్తు బెయిల్ అనే ఏర్పాటే లేదు. పలుకుబడి ఉన్నవాళ్ళు తమ ప్రత్యర్థులను తప్పుడు కేసుల్లో ఇరికించి, కొన్ని రోజులైనా జైల్లో పెట్టించి పరువు తీస్తున్నారని గమనించి లా కమిషన్ 1969లో తన 41వ నివేదికలో దీన్ని సిఫారసు చేసింది. 1973 కోడ్‌లో 438వ సెక్షన్‌గా వచ్చింది. ఆ కారణం ఈరోజుకూ అలాగే ఉంది. ఉత్తరప్రదేశ్‌లో 1976లో ఈ సెక్షన్‌ను ఎత్తేస్తే, తిరిగి తెచ్చుకునే సరికి 2019 వచ్చింది. అన్నేళ్ళ పాటు అక్కడి సామాన్యులకు అరెస్టు భయం నుంచి ఈ తలుపు మూసుకుపోయింది. అలాంటి రోజు మనకు రాకూడదు. దుర్వినియోగం చూసి విసిగిన జడ్జి, నిజమైన పిటిషన్‌ను కూడా అనుమానంగా చూస్తారు. కుటుంబ తగాదాలో వృద్ధురాలైన అత్తను, ఏ ఊళ్ళోనో ఉద్యోగం చేసుకునే ఆడబిడ్డను నిందితుల జాబితాలో చేర్చినప్పుడు వాళ్ళ పిటిషన్ అదే లిస్టులో, అదే విసుగు మధ్య విచారణకు వస్తుంది.

రెండో పిటిషన్ అన్నంత మాత్రాన తప్పు అని కూడా అననివ్వను. ఒక ఉదాహరణ చెప్తాను. ఏడేళ్ళ లోపు శిక్ష పడే సెక్షన్లతో కేసు ఉంటుంది. 2014 నాటి అర్నేశ్ కుమార్ తీర్పు ప్రకారం, ఇప్పటి సంహితలోని 35వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ ప్రకారం నోటీసు ఇచ్చి విచారిస్తామని పోలీసులు చెప్తారు. కోర్టు ఆ మాట నమోదు చేసి పిటిషన్ ముగిస్తుంది. నెల తిరగ్గానే సెక్షన్లు మారుస్తున్నామని కోర్టులో మెమో వేసి హత్యాయత్నం చేరుస్తారు. ఆ మనిషి మళ్ళీ కోర్టుకు రాక ఏం చేస్తాడు? డాక్టరు అభిప్రాయం మారినప్పుడు, మొదటి ఉత్తర్వుకు ఆధారమైన వాంగ్మూలమే అబద్ధమని తేలినప్పుడు కూడా అంతే. మళ్ళీ వచ్చినవాడు ఇంతకుముందు వచ్చానని దాచకుండా చెప్పి, ఏం మారిందో చూపించగలిగితే అతని పిటిషన్‌కు గౌరవం దక్కాలి.

తేడా ఎక్కడుందో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. బుద్ధికోట సుబ్బారావు కేసులో 1989లోనే, మారింది పైపై విషయమా, అసలు పరిస్థితే మారిందా అని చూడమంది. కల్యాణ్ చంద్ర సర్కార్ కేసులో, మునుపటి ఉత్తర్వుకు భిన్నంగా వెళ్ళాలంటే కారణాలు రాయమంది. జి.ఆర్. ఆనంద్ బాబు వర్సెస్ తమిళనాడు కేసులో 2021లో మరీ సూటిగా, కారణాలు రాసి కొట్టేసిన తర్వాత పరిస్థితులు మారాయన్న కుంటిసాకుతో వరుస ముందస్తు బెయిల్ పిటిషన్లు తీసుకోకూడదని, నిందితుడు పరారీలో ఉన్నాడని డైరీ చెప్తున్నప్పుడు అసలే కూడదని అంది. ఈ తీర్పులో "కారణాలు రాసి" అన్న షరతును గమనించమని వేడుకుంటున్నాను. నాట్ ప్రెస్ అన్న ప్రతిసారీ సరే అనడం వల్ల ఈ తీర్పు వర్తించే పరిస్థితే రాకుండా పోతోంది. కారణాలున్న ఉత్తర్వు పుట్టకుండా చూసుకోవడమే ఆ ఉపసంహరణల ఉద్దేశం.

2024 జనవరి 19న కుశా దురుకా వర్సెస్ ఒడిశా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన సూచనలు ఇంతకంటే ఆచరణీయమైనవి. బెయిల్ పిటిషన్‌లో పాత పిటిషన్ల వివరాలు, వాటి ఉత్తర్వుల ప్రతులు పెట్టాలి. ఏ కోర్టులోనైనా పెండింగ్‌లో ఉంటే చెప్పాలి, లేకపోతే లేదని స్పష్టంగా రాయాలి. ఇది ఎన్నో పిటిషనో పైనే కనిపించాలి. ఆ క్రైమ్ నంబర్ మీద ఏ పిటిషన్లు వచ్చాయో కంప్యూటర్ నుంచి తీసిన నివేదికను రిజిస్ట్రీ ఫైలుకు జతచేయాలి. ముందు వచ్చిన ఉత్తర్వులను దర్యాప్తు అధికారి కోర్టు దృష్టికి తేవాలి. సంగతి దాచిన ఆ పిటిషనర్‌కు 10,000 రూపాయల ఖర్చులు వేశారు. ఆ తీర్పు ప్రతిని అన్ని హైకోర్టుల రిజిస్ట్రార్ జనరళ్ళకూ పంపమన్నారు. అంటే అది తమ రిజిస్ట్రీలకు చేరే ఉంటుంది.

ఈ నివేదిక తీయడం అసాధ్యమేమీ కాదు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో ఎఫ్‌ఐఆర్ నంబర్, స్టేషన్, సంవత్సరం ఇచ్చి జిల్లా కోర్టుల కేసులు వెతుక్కునే సదుపాయం ఉంది. నాలాంటి న్యాయవాది ఫోన్‌లో చూడగలిగినదాన్ని ఫైలింగ్ కౌంటర్‌లోని సిబ్బంది చూడలేరని అనలేం. చిక్కు ఎక్కడంటే, ఫైలింగ్ సమయంలో క్రైమ్ నంబర్‌ను సరిగ్గా ఎక్కించకపోతే వెతికినా దొరకదు. స్టేషన్ పేరు ఒకచోట ఒకలా, మరోచోట ఇంకోలా పడుతుంది. క్రైమ్ నంబర్ గడి ఖాళీగా ఉన్నా పిటిషన్ నంబర్ అవుతుంది. సెషన్స్ కోర్టులో వేసినవి, హైకోర్టులో వేసినవి ఒకే తెరమీద కనిపించవు. కాబట్టి నా మొదటి ప్రార్థన ఇది: క్రైమ్ నంబర్, స్టేషన్, నిందితుడి వరుస సంఖ్య, తండ్రి పేరు సరిగ్గా నింపితే తప్ప ముందస్తు బెయిల్ పిటిషన్‌కు నంబర్ ఇవ్వవద్దు. ఎఫ్‌ఐఆర్ ఇంకా పడకముందే భయంతో వచ్చే పిటిషన్లకు సిబ్బియా తీర్పు దారి ఉంచింది, వాటికి మాత్రం ఫిర్యాదుదారు పేరు, స్టేషన్ చాలు. నివేదిక జతచేసే పని ఫైలింగ్ రోజే జరగాలి, పీపీ కౌంటర్ వేసేదాకా ఆగకూడదు. నివేదికలో ఏమీ లేకపోతే ఏమీ లేదనే ముద్ర పడాలి.

ఉపసంహరణ గురించి ఇంకో మాట. వాదన మొదలుకాక ముందు ఉపసంహరించుకుంటే సరే. డైరీ చదివి, ఇరువైపులా విన్నాక అడిగితే, జడ్జిగారు నాలుగైదు వాక్యాల్లోనైనా తన అభిప్రాయం రాసి కొట్టివేయాలి. కనీసం వాదనలు విన్నాక ఉపసంహరించుకున్నారని డాకెట్‌లో ఉండాలి. కేసు మెరిట్లలోకి లోతుగా వెళ్ళక్కర్లేదు, పిటిషనర్‌కు విచారణలో నష్టం కలిగేలా ఏమీ రాయక్కర్లేదు. ఎవరెవరిని విన్నాం, ఏ కారణంతో ఇవ్వలేదు అన్నది ఉంటే చాలు. ఆ కొద్ది వాక్యాలు లేకపోవడం వల్లే తర్వాతి జడ్జి చేతుల్లో పాత ఉత్తర్వుకు బరువు ఉండడం లేదు. ఒకే కేసులో తర్వాతి బెయిల్ పిటిషన్లు మొదటి జడ్జి ముందుకే రావాలన్న నియమం మీద ఇప్పుడు పూర్తిగా ఆధారపడలేం కూడా. జడ్జిలకు కేసులు పంచే రోస్టర్ మారినప్పుడు పాత జడ్జి దగ్గరికే పంపనక్కర్లేదని, కానీ ఆయన అభిప్రాయానికి తగిన విలువ ఇవ్వాలని 2025 ఫిబ్రవరిలో శేఖర్ ప్రసాద్ మహతో కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అభిప్రాయం కాగితం మీద ఉంటేనే కదా విలువ ఇవ్వగలిగేది.

ఆలస్యాన్ని తగ్గిస్తే సగం సమస్య దానంతట అదే పోతుంది. 2022లో సతేందర్ కుమార్ అంతిల్ తీర్పు ముందస్తు బెయిల్ పిటిషన్లను ఆరు వారాల్లో తేల్చాలని ఆశించింది. 2019లో వేసిన పిటిషన్లు 2025 దాకా బాంబే హైకోర్టులో తేలకపోవడం చూసి, అదే ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు బెయిల్, ముందస్తు బెయిల్ పిటిషన్లను వీలైనంతవరకు రెండు నెలల్లో ముగించాలని హైకోర్టులకు, కింది కోర్టులకు చెప్పింది. నా అనుభవంలో చాలా వాయిదాలు డైరీ రాకపోవడం వల్లే. మొదటి వాయిదాకే డైరీ రావాలని, రాకపోతే దర్యాప్తు అధికారి లిఖితపూర్వకంగా కారణం చెప్పాలని ఆదేశిస్తే, దొంగాటకు పోలీసు వైపు నుంచి అందే సాయమూ ఆగుతుంది. పిటిషనర్ అడిగిన వాయిదాతో మధ్యంతర రక్షణ గడువు ఆటోమేటిక్‌గా పెరగకూడదు. రక్షణ ఇస్తే కోర్టే ఇవ్వాలి, ఎప్పటిదాకా అన్నది రాయాలి, విచారణకు హాజరవ్వాలన్న షరతు దానికీ ఉండాలి. రక్షణ లేదనుకుంటే "ఈ పిటిషన్ పెండింగ్ దర్యాప్తుకు అడ్డం కాదు" అన్న ఒక్క వాక్యం నోటీసు ఉత్తర్వులోనే రాయాలి. ఆ వాక్యం ఎస్సైకి ధైర్యం ఇస్తుంది, సాకు వెతికేవాడికి దారి మూస్తుంది.

బాధితుల మాట కూడా వినాలి. 2022లో జగ్జీత్ సింగ్ వర్సెస్ ఆశిష్ మిశ్రా తీర్పు బెయిల్ దశలో సహా ప్రతి దశలో వినిపించుకునే హక్కు బాధితులకు ఉందంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 15ఏ సెక్షన్ అయితే నోటీసు ఇవ్వడాన్నే తప్పనిసరి చేసింది. ఆ చట్టంలోని 18వ సెక్షన్ ముందస్తు బెయిల్‌నే నిషేధించింది. మామూలు కేసుల్లో మొదటి పిటిషన్‌కు ఫిర్యాదుదారుకు నోటీసు ఇస్తే ఆలస్యం అవుతుందనే వాదనలో కొంత న్యాయం ఉంది. రెండో పిటిషన్ నుంచి మాత్రం ఫిర్యాదుదారుకు స్టేషన్ ద్వారా, ఫోన్ సందేశం ద్వారా అయినా సమాచారం వెళ్ళి తీరాలి. పాత పిటిషన్ సంగతి పీపీ మరిచిపోవచ్చు, బదిలీపై వచ్చిన దర్యాప్తు అధికారికి తెలియకపోవచ్చు. బాధితులు మరిచిపోరు. దాచిన నిజాన్ని కోర్టుకు చెప్పగలిగే మనిషి చాలాసార్లు వాళ్ళే.

తోటి న్యాయవాదులకూ ఈ లేఖ ద్వారానే చెప్పాల్సింది ఉంది. "ఈ కేసులో మరే కోర్టులోనూ ఇలాంటి పిటిషన్ వేయలేదు, పెండింగ్‌లో లేదు" అన్న పేరా కింద మనం సంతకం చేస్తాం. పరారీలో ఉన్నవాడు కనబడడు, సంతకం చేసిన వకాలత్‌ను (న్యాయవాదికి ఇచ్చే అధికార పత్రాన్ని) బంధువు పట్టుకొస్తాడు, అతను చెప్పిందే మనకు సమాచారం. నిజమే. కానీ ఆ పేరా రాసేముందు క్రైమ్ నంబర్ కొట్టి చూడడానికి ఎంతో సమయం పట్టదు. తెలిసి దాచిన సందర్భాల్లో కోర్టులో అబద్ధం చెప్పినందుకు సంహిత 379వ సెక్షన్ కింద కోర్టు విచారణ మొదలుపెట్టినా, విషయాన్ని బార్ కౌన్సిల్‌కు పంపినా నేను తప్పుపట్టను. అయితే ఆ శిక్ష సంతకం పెట్టిన జూనియర్ దగ్గర ఆగిపోకుండా, పిటిషన్ వేయమన్న సీనియర్ దాకా, అబద్ధం చెప్పిన పిటిషనర్ దాకా వెళ్ళాలి. కోర్టు నమ్మకాన్ని పోగొట్టుకుని క్లయింట్‌ను నిలుపుకోవడం మన వృత్తి కాదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలచివేసేది మాత్రం బెయిల్ లిస్టు. ఒకే లిస్టులో రెండు రకాల మనుషులుంటారు. ఒకరు జైల్లో ఉండి బయటికి రావడానికి ఎదురుచూస్తున్నవాళ్ళు. మరొకరు బయటే ఉండి లోపలికి పోకుండా ఉండాలనుకుంటున్నవాళ్ళు. వరుస పిటిషన్లు వేయగలిగేది ప్రతిసారీ ఫీజు కట్టగలిగినవాళ్ళే. జైల్లో ఉన్న కూలీ తరఫున లీగల్ ఎయిడ్ న్యాయవాది వేసిన రెగ్యులర్ బెయిల్ పిటిషన్, ఎవరిదో మూడో ముందస్తు బెయిల్ వాదనల వెనక సాయంత్రం దాకా నిలబడి, సమయం చాలక మరుసటి వారానికి వెళ్తుంది. ఆ వారమంతా అతను జైల్లోనే ఉంటాడు. అతనికి జరిగే అన్యాయం ఏ ఉత్తర్వులోనూ కనిపించదు, ఎవరూ దాని మీద అప్పీలు వేయరు. రెండో, మూడో ముందస్తు బెయిల్ పిటిషన్లను లిస్టులో జైల్లో ఉన్నవాళ్ళ పిటిషన్ల తర్వాతే పెట్టమని అడుగుతున్నాను. కోర్టు సమయాన్ని ముందుగా ఎవరికి ఇవ్వాలన్నది లిస్టు తయారుచేసేవారి చేతిలోనే ఉంది.

నేను అడిగినవాటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. 482వ సెక్షన్ ఎన్నిసార్లు పిటిషన్ వేయవచ్చో చెప్పలేదు, చెప్పకపోవడమే మంచిది కూడా. రాజ్యాంగం 227వ అధికరణ కింద తమకున్న పర్యవేక్షణాధికారంతో ఒక సర్క్యులర్ ఇస్తే సెషన్స్ కోర్టులన్నిటికీ వర్తిస్తుంది. క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్‌లో ఒక ఫారం చేరిస్తే అది నిలిచిపోతుంది. హైకోర్టుల సొంత రిజిస్ట్రీలకు పరిపాలనా ఉత్తర్వు చాలు. రెండు రాష్ట్రాల డీజీపీలు, ప్రాసిక్యూషన్ డైరెక్టర్లు తమ కిందివారికి శ్రీకాంత్ ఉపాధ్యాయ్ తీర్పును తెలుగులో వివరించి పంపితే పెండింగ్ పిటిషన్ అనే సాకు స్టేషన్లలో చెల్లదు.

వచ్చే వేసవి సెలవుల కోర్టులు మొదలయ్యేలోగా ఈ సర్క్యులర్ ముసాయిదాను తయారుచేయించి, బార్ అసోసియేషన్లకు, పీపీలకు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలకు పంపి అభిప్రాయాలు తీసుకోవలసిందిగా ప్రార్థిస్తున్నాను. నిందితుల తరఫున వాదించే న్యాయవాదిగా నా అభ్యంతరాలు ఏమైనా ఉంటే అప్పుడు రాతపూర్వకంగా ఇస్తాను.

విధేయతతో,
క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేసే ఒక న్యాయవాది